కాన్వీ కోట ఊళ్ళో మూడు రోజులు: అమ్మానాన్నలు, పిల్లలతో వెళ్తే ఏం చేయొచ్చు?

గోదారిగట్టు
మే నెలాఖరు బ్యాంక్ హాలిడేకి నార్త్ వేల్స్‌లో కాన్వీ వెళ్దామనుకుంటున్నాం. మేం ఉండేది బర్మింగ్‌హామ్‌లో. రాజమండ్రి నుంచి అమ్మా నాన్నా వచ్చి ఉన్నారు. నాన్నకి 68, బాగానే నడుస్తారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లంటే భయం. బాబుకి 12, పాపకి 6. చేతిలో ఉన్నది మూడు రోజులు.

ఆఫీసులో ఎవర్ని అడిగినా ఒకటే మాట, "కాన్వీలో ఏముంది, కోట ముందు ఫొటో దిగి పక్కనున్న లాండుడ్నో వెళ్ళిపోండి" అని. నాకేమో ఆ ఊరి గోడల లోపలే ఎక్కడైనా ఇల్లు తీసుకుని ఉండాలని ఉంది. ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో కోరిక. నాన్నకి కోట కావాలి. బాబు పాడిల్‌బోర్డు (నీళ్ళ మీద నిలబడి తెడ్డు వేసే పలక) అంటున్నాడు. మా ఆవిడ ఈసారైనా స్నోడన్ ఎక్కాల్సిందే అంటోంది. అమ్మ మాత్రం "నన్ను ఎక్కడా ఎక్కించకండి, ఎక్కడ కూర్చోబెడితే అక్కడే కూర్చుంటా" అంటోంది. ఆ మాట వింటుంటే బాధగా ఉంది. ఇంత దూరం తీసుకొచ్చి కార్లో కూర్చోబెట్టడానికా?

నెట్‌లో చూస్తే అన్నీ డ్రోన్ ఫొటోలే. ఎక్కడ మెట్లు ఎక్కువ, ఎక్కడ చదునుగా ఉంటుంది, పెద్దవాళ్ళు ఎక్కడ కాసేపు కూర్చోవచ్చు అన్నది ఒక్కరూ రాయరు. వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త చెప్పండి.

మాంచెస్టర్_మధు
మీ ఆఫీసువాళ్ళు చెప్పిందే కరెక్టు. పైకప్పు లేని కోట, లోపలంతా ఖాళీ గదులు, గంటన్నరలో అయిపోతుంది. లాండుడ్నోలో రూమ్ తీసుకోండి. బీచ్ ఉంది, 700 మీటర్ల పియర్ ఉంది, పిల్లలకి అదే బాగుంటుంది. బ్యాంక్ హాలిడే రోజు కాన్వీలో పార్కింగ్ దొరకడం గగనం.

రాళ్ళపిచ్చి
మధు గారూ, దీనికి మాత్రం నేను ఒప్పుకోను. కాన్వీని కోట ఒక్కటే అనుకుని చూస్తే గంటన్నరే. కానీ అక్కడ కోటా ఊరూ ఒకేసారి, ఒకే ప్లానుతో కట్టారు. ఇంగ్లండ్ రాజు ఎడ్వర్డ్ 1 వేల్స్‌ని గెలిచాక 1283లో మొదలుపెట్టి 1287కల్లా కోట, ఊరి చుట్టూ గోడ రెండూ లేపేశాడు. నాలుగేళ్ళలో! సవాయ్ ప్రాంతం నుంచి వచ్చిన మాస్టర్ జేమ్స్ ఆఫ్ సెయింట్ జార్జ్ పర్యవేక్షణ. కోటకీ గోడకీ కలిపి దాదాపు 15,000 పౌండ్లు, ఆ రోజుల్లో అది మామూలు డబ్బు కాదు. గోడ పొడవు సుమారు 1.3 కిలోమీటర్లు, దానికి 21 బురుజులు, మూడు పెద్ద ద్వారాలు. చాలా భాగం మీద ఇప్పటికీ నడవొచ్చు, దానికి టికెట్టు కూడా లేదు. కార్నార్వన్, హార్లెక్, బ్యూమారిస్ కోటలతో కలిపి 1986లో యునెస్కో జాబితాలో చేర్చారు.

గోదారిగట్టు గారికి పనికొచ్చే మాట: కోటలో పైకి ఎక్కే మెట్లన్నీ బురుజుల లోపల గుండ్రంగా తిరిగేవి. ఇరుకు, రాయి అరిగిపోయి ఉంటుంది, ఎదురుగా ఎవరైనా దిగుతుంటే ఒకరు గోడకి అతుక్కుని ఆగాలి. మీ అమ్మగారిని వాటి జోలికి తీసుకెళ్ళకండి. కానీ కింది ఆవరణలు చూడటానికి పైకి ఎక్కక్కర్లేదు. లోపలికి వెళ్ళగానే పెద్ద హాలు వస్తుంది, దాని కప్పుని మోసిన రాతి కమానుల్లో ఒక్కటే మిగిలింది. ఆ ఒక్కటి చాలు, మిగతా కప్పు ఎలా ఉండేదో కళ్ళకి కట్టడానికి. కప్పు కాలంతో పాటు కూలిపోయిందనుకుంటారు అందరూ. 1665లో పైనున్న సీసం, ఇనుము ఊడదీసి అమ్ముకున్నారు, అదీ సంగతి.

నాన్నగారినీ బాబునీ మాత్రం లోపలి ఆవరణ వైపు బురుజుల పైకి పంపండి. మొత్తం ఎనిమిది బురుజులు, అందులో తూర్పు వైపు నాలుగింటి మీదే చిన్న కాపలా గోపురాలుంటాయి. రాజుగారి గదులు ఆ వైపే ఉండేవి.

వానచినుకు
పైన రాళ్ళపిచ్చి గారు చెప్పింది నిజం, నేను మా అత్తగారితో వెళ్ళాను. ఆవిడ కింద ఆవరణలో రాతి బెంచీ మీద హాయిగా కూర్చుంది, మేం పైనుంచి చేతులూపాం. ఒకటే కష్టం, గాలి. మే నెల అని నమ్మొద్దు. మంకీ క్యాప్ తప్పనిసరి.

మాంచెస్టర్_మధు
నాలుగేళ్ళలో కట్టారు సరే, మన అబ్బాయికి 12 ఏళ్ళు, వాడికి జేమ్స్ ఆఫ్ సెయింట్ జార్జ్ ఎవరైతే ఏంటి?

రాళ్ళపిచ్చి
వాడికి ఆ పేరు చెప్పకండి. మిల్ గేట్ దగ్గర ఊరి గోడకి బయటి వైపు పొడుచుకొచ్చిన 12 మరుగుదొడ్లు చూపించండి, వరసగా ఉంటాయి. పక్కనే పనిచేసే రాజుగారి ఉద్యోగుల కోసం కట్టినవి. ఏ పిల్లాడైనా అక్కడ పది నిమిషాలు నిలబడాల్సిందే, ప్రశ్నలు ఆగవు.

నెల్లూరు_చేపలపులుసు
😂 మా బుడ్డోడు తిరిగొచ్చాక స్కూల్లో ట్రిప్ గురించి రాయమంటే దాని గురించే పేజీ నిండా రాశాడు.

కాకతీయ_పోరగాడు
నాకు అక్కడ నిలబడి ఉంటే ఒకటే ఆలోచన. ఆ గోడ లేస్తున్న 1283లో ఓరుగల్లులో రుద్రమదేవి పరిపాలిస్తోంది. 1262 నుంచి 1289 దాకా ఆమెదే రాజ్యం. మన రాతికోట గోడని ఎత్తు పెంచి గట్టిచేసింది ఆమె కాలంలోనే. రెండూ ఒకే తరం రాళ్ళు. వరంగల్ కోట చూసిన నాన్నగార్లకి ఈ మాట చెప్పి చూడండి, నడక హుషారు మారిపోతుంది. మా నాన్న ప్రతి బురుజు దగ్గరా ఆగి "మన దగ్గర ఇట్ల లేదు, మట్టికోట వేరే, రాతికోట వేరే" అని ఇంగ్లీషు వాళ్ళకి కూడా వివరించిండు.

ఇంకోటి. రేవు సంగతి. రుద్రమ తండ్రి గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో అభయ శాసనం వేయించాడు. తుఫానులో ఓడ పగిలి సరుకు ఒడ్డుకి కొట్టుకొస్తే అంతకుముందు రాజులు మొత్తం లాక్కునేవాళ్ళు, మేం మాత్రం సుంకం తప్ప ఏమీ తీసుకోం, భయపడకుండా రండి అని విదేశీ వర్తకులకి రాతి మీద రాసిచ్చాడు. కాన్వీలో అప్పట్లో జరిగింది దీనికి పూర్తిగా వేరు. ఇంగ్లండ్ నుంచి తెచ్చిన జనాన్ని గోడ లోపల కాపురం పెట్టించి, ఆ నేలమీద పుట్టిన వెల్ష్ వాళ్ళని లోపల ఉండనివ్వలేదు.

వేల్స్_వదిన
నేను ఇక్కడే, నదికి ఇవతల డెగన్వీలో ఉంటాను. పైన రాసింది నిజమే, ఇక్కడివాళ్ళలో ఆ జ్ఞాపకం ఇంకా ఉంది. లాంకాస్టర్ స్క్వేర్‌లో ఒక విగ్రహం ఉంటుంది, లెవెలిన్ ద గ్రేట్ అని వెల్ష్ యువరాజు. ఆయన్ని పాతిపెట్టిన మఠం ఇప్పుడు కోట ఊరున్న చోటే ఉండేది. ఎడ్వర్డ్ ఆ మఠాన్ని లోతట్టున ఉన్న మేనన్ అనే ఊరికి తరలించి ఇక్కడ తన ఊరు కట్టుకున్నాడు. మఠం చర్చి మాత్రం మిగిలింది, ఇప్పటి సెయింట్ మేరీస్ చర్చి అదే. హై స్ట్రీట్ వెనకాలే ఉంటుంది, చదును, ప్రశాంతంగా ఉంటుంది. అమ్మగారితో తప్పకుండా వెళ్ళండి.

పిల్లలకి చెప్పే కథ కావాలంటే 1401 కథ చెప్పండి. గుడ్ ఫ్రైడే రోజు కాపలావాళ్ళంతా చర్చిలో ఉన్నారు. ఒక వడ్రంగి రోజూ పనికొచ్చేవాడిలా వచ్చి తలుపు తీయించాడు, వెనకే ఇంగ్లండ్ మీద తిరగబడ్డ వెల్ష్ నాయకుడు ఓవైన్ గ్లిండూర్ వైపు మనుషులు లోపలికి దూసుకెళ్ళి కోట పట్టేసుకున్నారు. ఇంత పెద్ద కోట, ఇంత ఖర్చు, పడగొట్టింది ఒక పనివాడు.

గోదారిగట్టు
వదిన గారూ, లోకల్ మనిషి దొరికారు, ఇక వదలను. నీళ్ళ సంగతి చెప్పండి. కోట ముందు నది ఎంతో ప్రశాంతంగా కనిపిస్తోంది ఫొటోల్లో. అద్దెకి బోర్డు తీసుకుని బాబుని దింపొచ్చా? ఈత వచ్చు.

వేల్స్_వదిన
దింపకండి. సొంతంగా మాత్రం అస్సలు దింపకండి.

ఆ ఫొటోలన్నీ నిండు పోటు మీద తీసినవి. అదే చోట ఆరు గంటల తర్వాత చూడండి, నీళ్ళు పోయి ఇసుకా బురదా, పడవలు పక్కకి ఒరిగి ఉంటాయి. పెద్ద పోటు రోజుల్లో నీటి మట్టం తేడా సుమారు 7 మీటర్లు ఉంటుంది. ఆ నీరంతా కోట పక్కన వంతెనల కింద ఇరుకు దారిలోంచి రోజుకి రెండుసార్లు లోపలికి, రెండుసార్లు బయటికి పోవాలి. ఆటు మొదలైతే ప్రవాహం సముద్రం వైపు లాగేస్తుంది. పెద్దవాళ్ళు కూడా ఎదురు తెడ్డు వేయలేరు. గాలి కూడా అటే ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

ఇక్కడి నీళ్ళలోనే చేయాలంటే శిక్షకుడితో పాటు వెళ్ళే గ్రూపు సెషన్ బుక్ చేయండి. వాళ్ళు పోటు చూసుకుని టైమ్ పెడతారు, అందుకే ఒకరోజు పొద్దున 8కి, ఇంకోరోజు మధ్యాహ్నం ఉంటుంది. రోజురోజుకీ పోటు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కదా. ముందు పోటు టైములు చూసుకుని ఆ తర్వాత మిగతా రోజు ప్లాన్ చేసుకోవాలి, అటుదిటు చేస్తే బురద చూసి రావాలి. ఇసుక తిన్నెల మీద నడుచుకుంటూ పోవడం కూడా వద్దు, వెనకనుంచి కాలవల్లో నీళ్ళు వచ్చేస్తాయి.

విశాఖ_తెరచాప
వదిన గారు చెప్పిన ప్రతి అక్షరానికీ నా ఓటు. మా ఫ్రెండు ఒకతను ఎండగా ఉందని గాలితో ఊదే బోర్డు కొనుక్కుని డెగన్వీ దగ్గర దిగాడు. లైఫ్ జాకెట్ లేదు, ఫోన్ కార్లో. పదిహేను నిమిషాల్లో మనిషి చుక్కలా కనిపిస్తున్నాడు. ఒడ్డున ఉన్న ముసలాయన ఎవరో 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని చెప్పాడు, లైఫ్‌బోట్ వెళ్ళి తెచ్చింది. ఆ పెద్దాయన లేకపోతే ఏమయ్యేదో. మనవాళ్ళు "ఈత వచ్చు" అంటారు, చెరువులో ఈత వేరు, ఆటులో చల్లటి నీళ్ళు వేరు. మే నెలలో నీళ్ళు చల్లగా ఉంటాయి, వెట్‌సూట్ లేకుండా చేతులు కొంకర్లు పోతాయి.

బాబు కోసం నా సలహా లాన్‌బెరిస్‌లో లిన్ పాదర్న్ సరస్సు. ఆటుపోట్లు లేవు, బోర్డు, కయాక్ రెండూ అద్దెకి దొరుకుతాయి. అక్కడే మీ ఆవిడ స్నోడన్ సమస్య కూడా తీరిపోతుంది.

గోదారిగట్టు
ఎలా? ఆవిడ ఎక్కుతుంది, అమ్మని ఏం చేయను?

విశాఖ_తెరచాప
లాన్‌బెరిస్ నుంచి 1896 నాటి కొండ రైలుంది. ఒక్కోవైపు గంట దాకా పడుతుంది. అమ్మగారు, నాన్నగారు, పాప రైల్లో. టికెట్లు ముందే బుక్ చేయాలి, బ్యాంక్ హాలిడేకి అప్పటికప్పుడు దొరకవు. గాలి ఎక్కువైతే శిఖరం దాకా వెళ్ళదు, మధ్యలోంచే తిప్పుతారు. అది కూడా బాగుంటుంది. మీ ఆవిడ, ఇంకెవరైనా ఒకరు లాన్‌బెరిస్ దారిలో నడక. రానూపోనూ 9 మైళ్ళు, శిఖరం 1,085 మీటర్లు, ఆరు గంటలు పెట్టుకోండి. ఆ దారి సులువంటారు గానీ పొడవు ఎక్కువ, పైన మబ్బు కమ్మితే ఏమీ కనపడదు. కాన్వీ నుంచి కార్లో ముప్పావుగంట.

మాంచెస్టర్_మధు
పెన్ వై పాస్ నుంచి ఎక్కితే దగ్గర కదా, మేం అటే వెళ్ళాం.

విశాఖ_తెరచాప
దగ్గరే, కానీ అక్కడ కారు పెట్టాలంటే ముందే బుక్ చేసుకోవాలి, లేకపోతే కింద ఎక్కడో పెట్టి షెర్పా బస్సులో రావాలి. పైగా అక్కడి దారుల్లో రాళ్ళెక్కువ. తప్పుదారిలో పోతే క్రిబ్ గోచ్ శిఖరం మీదకి తేలతారు, అది రెండువైపులా లోయ ఉన్న కత్తి అంచు. మొదటిసారి ఎక్కేవాళ్ళకి లాన్‌బెరిస్ దారే చెబుతాను.

వానచినుకు
స్నోడన్ కోసం ఒక రోజంతా ఇచ్చేస్తారా మూడు రోజుల్లో? కాన్వీ కొండ ఎవరూ చెప్పలేదేంటి?

ఊరి వెనకే ఉంటుంది, 244 మీటర్లు. పైన ఇనుప యుగం నాటి కొండకోట ఉంది, కాస్తెల్ కాయర్ సేయాన్ అంటారు, అప్పటి రాళ్ళగోడలు గడ్డిలో ఇంకా కనిపిస్తాయి. పైనుంచి ఒక వైపు ఆంగ్లసీ దీవి, పఫిన్ ఐలండ్, ఇంకోవైపు లాండుడ్నో దగ్గరి గ్రేట్ ఓర్మ్ కొండ, కింద కోటా నదీ మొత్తం. మే నెలాఖరుకి ముళ్ళపొదల పసుపు పూలు కూడా ఉంటాయి. మాకు అడవి గుర్రాల మంద ఎదురొచ్చింది, పొట్టి గుర్రాలు, పిల్లల గుర్రాలతో. దగ్గరికి వెళ్ళకుండా, తిండి పెట్టకుండా చూడాలి.

ఊళ్ళోంచి నడిస్తే మొదట్లో ఎత్తు బాగా ఎక్కాలి. సిచ్నాంట్ పాస్ దాకా కార్లో వెళ్ళి అక్కడినుంచి నడిస్తే ఎక్కేది తక్కువ, ఆరేళ్ళ పాప కూడా నడుస్తుంది. నాన్నగారికి కూడా సరిపోతుంది.

నెల్లూరు_చేపలపులుసు
నా ఓటు కూడా కాన్వీ కొండకే. స్నోడన్ మీద మేం చూసింది మబ్బు, ముందు నడిచేవాడి బ్యాగు.

గోదారిగట్టు
ఇంట్లో ఈ దారం అంతా చదివి వినిపించాను. మా ఆవిడ స్నోడన్ నడక వదలనంటోంది, నాన్న మాత్రం రైలు అనగానే లేచి కూర్చున్నారు. అమ్మ సంగతి ఇంకా తేలలేదు. రైలు తప్ప ఆవిడకి ఇంకేం ఉన్నాయి?

వేల్స్_వదిన
అమ్మగారికి బోలెడున్నాయి, నేను చెబుతాను.

ఒకటి, బాడ్నంట్ గార్డెన్. కాన్వీ నుంచి కార్లో ఇరవై నిమిషాల లోపే. మే చివరి వారం, జూన్ మొదటి వారం అక్కడ లబర్నమ్ పూల పందిరి విరగబూస్తుంది. 55 మీటర్ల పొడవు సొరంగంలా ఉండే పందిరి, పైనుంచి పసుపుపచ్చ పూలగుత్తులు తలకి తగిలేలా వేలాడతాయి. మన రేల చెట్టు పూతని ఒక దారి పొడవునా వంచి కట్టినట్టుంటుంది. మీరు వెళ్ళేది సరిగ్గా ఆ టైముకే. పందిరి తోట పై భాగంలోనే, ప్రవేశానికి దగ్గరగా ఉంటుంది, లోయలోకి దిగకపోతే అమ్మగారికి ఏ ఇబ్బందీ లేదు. తెరవగానే వెళ్ళండి, పదకొండు దాటితే పందిరి కింద నడవడానికి క్యూ. పాపకి చెప్పండి, ఆ చెట్టు గింజలు విషం, కింద రాలినవి ఏరకూడదు.

రెండు, నదికి ఇవతల ఒడ్డున పక్షుల కేంద్రం, ఆర్ఎస్‌పీబీ కాన్వీ. ఏ55 రోడ్డు సొరంగం తవ్వినప్పుడు వచ్చిన మట్టితో చేసిన చోటు అది, 1995లో తెరిచారు. సొరంగం 1991లో వచ్చింది, నది అడుగున పెట్టెల్లా పేర్చి కట్టిన మొదటి సొరంగం బ్రిటన్‌లో అదే. అది రాకముందు లారీలన్నీ కోట గోడ పక్కనుంచి, ఊళ్ళోంచే పోయేవి. కేంద్రం దగ్గర దారులు చదును, మధ్యలో కూర్చోడానికి పక్షుల్ని చూసే గుడిసెలుంటాయి, కాఫీ షాపు కిటికీలోంచే కోట కనిపిస్తుంది.

మూడు, గ్రేట్ ఓర్మ్ ట్రామ్. లాండుడ్నోలో ఉంటుంది, 1902 నుంచి నడుస్తోంది, తీగతో కొండపైకి లాగుతుంది. ట్రామ్ ఎక్కే మెట్టు ఒక్కటి పట్టుకుని ఎక్కిస్తే చాలు. మధ్య స్టేషన్లో దిగి ఇంకో ట్రామ్ మారాలి. కొండ మీద కశ్మీరు మేకలు తిరుగుతుంటాయి. మగవాళ్ళకి, పిల్లలకి మధ్యలో దిగే చోట దగ్గర కంచు యుగం నాటి రాగి గని ఉంది, లోపలికి వెళ్ళి చూడొచ్చు. అందులో ఇరుకూ మెట్లూ ఉన్నాయి, అమ్మగారు పైన మేకలతో ఉండొచ్చు.

కాకతీయ_పోరగాడు
"మగవాళ్ళకి" ఏంది వదినా, మా చెల్లె ఆ గనిలోకి అందరికంటే ముందు దిగింది 😄

వేల్స్_వదిన
సరే సరే, మోకాళ్ళు బాగున్నవాళ్ళందరికీ 😄

నెల్లూరు_చేపలపులుసు
అసలు సంగతి వదిలేశారు అందరూ. పీతలు!

కాన్వీ రేవు గట్టు చదును, బెంచీలున్నాయి. అక్కడ పిల్లలంతా వరసగా కూర్చుని నీళ్ళలోకి తాడు వదులుతారు. తాడు చివర చిన్న వలసంచి, అందులో బేకన్ ముక్క. బకెట్టులో సముద్రం నీళ్ళు పోసి పెట్టుకోవాలి. తాడు కదలగానే లాగొద్దు, పిల్లలంతా అక్కడే పాడుచేస్తారు, పీత రెండు కాళ్ళతో సంచిని గట్టిగా పట్టుకున్నాక మెల్లగా, ఒకే వేగంతో గోడకి తగలకుండా పైకి తేవాలి. నీళ్ళ పైకి రాగానే పడిపోయేవే ఎక్కువ. బకెట్టులో ఎక్కువ పెట్టొద్దు, కొట్టుకుంటాయి, నీళ్ళు మారుస్తూ ఉండాలి, చివర్లో అన్నీ వదిలేయాలి. కిట్టు ఊళ్ళోనే దొరుకుతుంది. పోటు వస్తున్నప్పుడు కూర్చుంటే బాగా పడతాయి. గోదావరి వాళ్ళకి చెప్పాలా! మీ అమ్మగారు ఈ ఒక్కచోట గంటన్నర కదలరు, రాసిస్తా.

గోదారిగట్టు
ఇది చదవగానే అమ్మ "మా పుట్టింటి దగ్గర కాలవలో పీతలు అట్లాగే పట్టేవాళ్ళం, కోడి పేగు కట్టి" అంది. నాకు ఇప్పటిదాకా తెలీదు ఆ సంగతి!

నెల్లూరు_చేపలపులుసు
అయితే పాపకి గురువు దొరికినట్టే.

తినడం సంగతి కూడా చెబుతా. కాన్వీ మసెల్స్ పేరున్నవి, మన ఆల్చిప్పల జాతే. చిన్న పడవల్లోంచి పొడుగు కర్రలకి కట్టిన దంతెలతో నది అడుగున గీరి చేత్తోనే తీస్తారు, ఎన్నో తరాల నుంచి అదే పద్ధతి. కానీ సీజన్ సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా, మీరు వెళ్ళేటప్పటికి అయిపోతుంది. చేప, చిప్స్ ఎప్పుడూ ఉంటుంది. గట్టు మీద తినేటప్పుడు సీగల్స్ జాగ్రత్త, మా అన్నయ్య చేతిలో చేపని కాగితంతో సహా ఎత్తుకుపోయింది.

వానచినుకు
మా అత్తగారు శాకాహారం, అందుకే వంటిల్లున్న కాటేజీ తీసుకున్నాం. పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుంటే మధ్యాహ్నం టెన్షన్ లేదు. కుక్కరు తీసుకెళ్ళండి, కాటేజీల్లో ఉండదు. బుక్ చేసేముందు మెట్ల సంగతి అడగండి, గోడల లోపలి పాత ఇళ్ళలో పడకగదులన్నీ పైనే, మెట్లు నిటారుగా. మేం తీసుకున్న ఇంటి ఫొటోల్లో మెట్లు ఎక్కడా చూపించలేదు, ఫోన్ చేసి అడిగితే గానీ చెప్పలేదు. కింద గది ఉన్న ఇల్లు అమ్మగారికి ముఖ్యం.

మాంచెస్టర్_మధు
అందుకే అంటున్నా, లాండుడ్నోలో లిఫ్టున్న హోటళ్ళుంటాయి. కాన్వీ నుంచి పది నిమిషాలు. రాత్రి పడుకోవడానికి గోడల లోపల ఉన్నా బయట ఉన్నా ఒకటే కదా.

రాళ్ళపిచ్చి
ఒకటి కాదండీ. పగలు పదింటి నుంచి నాలుగింటి దాకా ఊరంతా బస్సుల జనం. ఆ తర్వాత గోడ ఖాళీ. మే నెలాఖరులో తొమ్మిది దాటేదాకా వెలుతురుంటుంది. అన్నం తిని అప్పర్ గేట్ దగ్గర గోడ ఎక్కి, ఎత్తు మీదున్న చివరి బురుజు దాకా వెళ్తే కింద ఇళ్ళ కప్పులు, వాటి వెనక కోట, దాని వెనక నది, మూడూ ఒకే చూపులో. ఎడ్వర్డ్ ఈ చోటే ఎందుకు ఎంచుకున్నాడో అక్కడ నిలబడితే అర్థమవుతుంది. 1294 చలికాలంలో వెల్ష్ తిరుగుబాటు వచ్చి ఆయనే ఈ కోటలో చిక్కుబడిపోతే, సరుకులు సముద్రం మీదే రావాల్సి వచ్చింది. కోట నీళ్ళలోకి చొచ్చుకుని ఉండటం అప్పుడు పనికొచ్చింది. లాండుడ్నోలో లిఫ్టు ఉంటుంది, ఇది ఉండదు.

అక్కడి మెట్లు మాత్రం నిటారు, తడిస్తే జారతాయి. పాప చెయ్యి వదలొద్దు.

మాంచెస్టర్_మధు
సాయంత్రం నేను ఉండలేదు, ఆ మాట ఒప్పుకుంటా. కానీ మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషికి మంచి మంచం, లిఫ్టు, వేడినీళ్ళు ముఖ్యమన్న మాట మీద మాత్రం నేను ఉంటా.

వేల్స్_వదిన
ఇద్దరిదీ కరెక్టే. కింద పడకగది ఉన్న ఇల్లు దొరికితే కాన్వీ, దొరక్కపోతే డెగన్వీ చూడండి. మా ఒడ్డున నడక దారి పూర్తిగా చదును, ఎదురుగా కోట. అమ్మగారు సాయంత్రాలు ఇంటి ముందే నడవొచ్చు.

కారు గురించి రెండు ముక్కలు. వేల్స్‌లో ఇళ్ళున్న రోడ్లలో చాలావాటి మీద 2023 సెప్టెంబరు నుంచి గంటకి 20 మైళ్ళే, కెమెరాలున్నాయి. చెస్టర్ వైపునుంచి ఏ55 మీద వస్తే సొరంగానికి ముందే 18వ జంక్షన్ దగ్గర బయటికి రండి. నది మీద వంతెన దాటుతుంటే ఎదురుగా కోట పెరుగుతూ వస్తుంది, ఊళ్ళోకి రావాల్సిన దారి అదే. పక్కనే గొలుసుల వంతెన చూస్తారు, థామస్ టెల్‌ఫోర్డ్ 1826లో కట్టింది. కోటకి తగ్గట్టు ఉండాలని దాని స్తంభాలకి కూడా బురుజులు పెట్టాడు. ఇప్పుడు దాని మీద నడక మాత్రమే.

కాకతీయ_పోరగాడు
రేవు మీద ఎర్ర బొమ్మరిల్లు మర్చిపోయిన్రు. బ్రిటన్‌లో అన్నిటికంటే చిన్న ఇల్లు, వెడల్పు 1.8 మీటర్లు. 1900 దాకా అందులో ఉన్న జాలరి పొడవు 6 అడుగుల 3 అంగుళాలు! పాప ఎగిరి గంతేస్తది.

గోదారిగట్టు
అందరికీ థాంక్స్. ఇంట్లో కూర్చుని తేల్చాం. డెగన్వీలో కింద గది ఉన్న ఇల్లు దొరికింది, బుక్ చేశా. మొదటి రోజు తెరవగానే బాడ్నంట్, మధ్యాహ్నం కోట, పోటు సాయంత్రం ఉంది కాబట్టి అప్పుడు పీతలు, తర్వాత నాన్నా నేనూ బాబూ గోడ మీద. రెండో రోజు లాన్‌బెరిస్, కొండ రైలు టికెట్లు మూడే మిగిలితే తీసేసుకున్నా, బాబుకి సరస్సులో కయాక్, మా ఆవిడ వాళ్ళ ఫ్రెండుతో నడక. మూడో రోజు ఓర్మ్ ట్రామ్ లేదా సిచ్నాంట్ నుంచి కాన్వీ కొండ, వానని బట్టి.

విశాఖ_తెరచాప
బాగుంది. మీ ఆవిడకి పైన వేసుకోవడానికి ఒక వెచ్చటి పొర అదనంగా పెట్టండి, కింద ఎండ కాస్తున్నా సరే. కొండ మీద ఫోన్ ఛార్జింగ్ తొందరగా దిగిపోతుంది, పవర్‌బ్యాంకు మర్చిపోవద్దు.

లీడ్స్_లావణ్య
ఇదే దారంలో నా ప్రశ్న కూడా. మేం ముగ్గురం స్టూడెంట్స్, కారు లేదు, సెప్టెంబరులో వెళ్దామని. రైల్లో అవుతుందా?

వేల్స్_వదిన
హాయిగా అవుతుంది. కాన్వీ స్టేషన్ గోడల లోపలే ఉంది కానీ ప్లాట్‌ఫామ్ చిన్నది, అన్ని రైళ్ళూ ఆగవు. లాండుడ్నో జంక్షన్‌లో దిగితే వంతెన మీదుగా ఇరవై నిమిషాల నడక. వీలైతే 13వ తేదీ చూసుకుని రండి. ఆ రోజు ఊళ్ళో తేనె సంత, ఎడ్వర్డ్ కాలం నుంచి వస్తున్నది, వీధిలోనే తేనె సీసాలు పెట్టి అమ్ముతారు. మధ్యాహ్నానికే అయిపోతుంది, పొద్దున్నే ఉండాలి.

నెల్లూరు_చేపలపులుసు
సెప్టెంబరు అంటే మసెల్స్ కూడా మొదలవుతాయి లావణ్యా. రేవు మీద అడిగి చూడు, కాన్వీవే కావాలని చెప్పు.